వింక్రిస్టిన్ నడుస్తుండగా వొరికొనజోల్ వచ్చి కలిస్తే: తమ్ముడి గురించి అడిగిన అక్కకు జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 19 ఏళ్లు. ఏఎల్ఎల్ రకం రక్త క్యాన్సర్. హైదరాబాద్‌లో అడ్మిట్ అయి ఉన్నాడు, వింక్రిస్టిన్ అనే మందు ఉన్న మొదటి విడత కీమో మూడో వారం నడుస్తోంది. జ్వరం తగ్గకపోతే సీటీ తీసి ఊపిరితిత్తుల్లో ఫంగస్ ఉందన్నారు, వొరికొనజోల్ మొదలుపెట్టారు. ఆరు రోజులకి దవడ నొప్పి, కడుపు ఉబ్బరం, నాలుగు రోజులుగా విరేచనం లేదు, సోడియం 121కి పడింది. అప్పుడు డాక్టర్లు 'డ్రగ్ ఇంటరాక్షన్' అని చెప్పి ఫంగస్ మందు మార్చారు. మీరు అడిగినవి మూడు: ఇది ఎవరి తప్పు, తమ్ముడు కోలుకుంటాడా, మళ్లీ ఇలా జరగకుండా ఇంట్లోవాళ్లం ఏం చూసుకోవాలి.

నేను క్లినికల్ ఫార్మసిస్ట్‌ని. 11 ఏళ్లుగా రక్త క్యాన్సర్ వార్డులో రోజూ కేస్ షీట్లు చూస్తున్నాను. ఈ రెండు మందులు కలిసి ఇలా ఇబ్బంది పెట్టిన పిల్లల్ని చూశాను, వాళ్లు లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లడమూ చూశాను. మీరు రాసినదాన్ని బట్టి డాక్టర్లు ఇప్పుడు చేస్తున్నది సరైన పని. టెన్షన్‌తో మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి. తెల్లకణాలు లేని ఒంట్లో ఫంగస్‌కి మందు లేకుండా పోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. డోసుల గురించి నేను ఇక్కడ చెప్పను, అది కేస్ షీట్ చేతిలో ఉన్నవాళ్లు చెప్పాల్సినది.

మన ఇళ్లలో "ఆ మందు పడలేదు" అంటాం. ఇది అది కాదు. వింక్రిస్టిన్ మీ తమ్ముడికి రెండు వారాలు బాగానే పడింది. వొరికొనజోల్ కూడా విడిగా ఇస్తే పడి ఉండేదేమో. గొడవంతా రెండూ ఒకే సమయంలో ఒంట్లో ఉండడం వల్ల వచ్చింది. లివర్‌లో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది. వింక్రిస్టిన్‌ని విరిచి బయటికి పంపే పని దానిది. వొరికొనజోల్ వచ్చి ఆ ఎంజైమ్‌ని అణిచిపెడుతుంది. సిరంజిలో ఎక్కించిన డోసు ఎప్పటిలాగే ఉంది, కానీ ఒంట్లోంచి పోవాల్సిన మందు పోలేదు. అంటే మామూలు డోసే పెద్ద డోసులా పనిచేసింది.

వింక్రిస్టిన్ ఎక్కువైతే మొదట దెబ్బ తగిలేది నరాలకి. పేగుల్ని కదిలించే నరాలు మొద్దుబారితే విరేచనం ఆగి కడుపు బిగుసుకుంటుంది. దవడ నొప్పి కూడా నరాలదే. చాలామంది పంటి నొప్పి అనుకుని రెండు రోజులు పోగొట్టుకుంటారు. పాదాల్లో తిమ్మిర్లు, నడుస్తుంటే పాదం ముందు భాగం ఎత్తలేక ఈడ్చడం, కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం, ఇవన్నీ ఆ మందు గుర్తులే. సోడియం సంగతి వేరు. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్ అవసరానికి మించి విడుదలై, మూత్రం ద్వారా పోవాల్సిన నీళ్లు నిలిచిపోతాయి, దాంతో రక్తంలో సోడియం పలచబడుతుంది. మరీ పడితే ఫిట్స్ వస్తాయి. మీ తమ్ముడికి అంతదాకా రాకముందే పట్టుకున్నారు.

ఇక తప్పు ఎవరిది అన్న ప్రశ్న. మీ బాధ అర్థమైంది కాబట్టి దాటవేయకుండా చెప్తాను. ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ అని అనుమానం వస్తే ప్రపంచంలో ఎక్కడైనా మొదట తలుచుకునే మందుల్లో వొరికొనజోల్ ఒకటి. ఆ మందు రాయడమే తప్పు అనలేను. కానీ రాసే ముందు "ఇతనికి వింక్రిస్టిన్ ఎప్పుడు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు ఉంది" అని అడిగి తీరాలి. ఈ జంట కొత్తగా కనిపెట్టినది కాదు, మా పుస్తకాల్లో ఎర్ర అక్షరాల్లో ఉండేది. ఎలా జారిపోతుందో కూడా నాకు తెలుసు. జ్వరం రాత్రి పెరుగుతుంది. డ్యూటీ డాక్టర్ మారతారు. ఛాతీ డాక్టర్‌ని పిలిస్తే ఆయన తన కాగితం మీద ఫంగస్ మందు రాస్తారు. కీమో చార్టు వేరే ఫైలులో ఉంటుంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఆ రాత్రి వార్డులో ఉండరు. మన దేశంలో వార్డులో పనిచేసే ఫార్మసిస్ట్‌లని తయారుచేసే ఫార్మ్‌.డి కోర్సు 2008లో మొదలైంది. ఇప్పటికీ చాలా చోట్ల ఫార్మసీ అంటే కింద మందులు అమ్మే కౌంటరే, వార్డుకి వచ్చి షీటు చూసే ఫార్మసిస్ట్ లేరు. ఈ లోటు నన్ను 11 ఏళ్లుగా బాధపెడుతోంది.

వొరికొనజోల్, పోసాకొనజోల్, ఇట్రాకొనజోల్, ఈ మూడూ ఆ ఎంజైమ్‌ని గట్టిగా అణిచేవే. ఫ్లూకొనజోల్ ప్రభావం వీటికంటే తక్కువ, అలాగని అసలు లేకపోలేదు. మైకాఫంగిన్, కాస్పోఫంగిన్, లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఆ ఎంజైమ్ జోలికి పోవు, అందుకే సాధారణంగా వీటిలో ఒకదానికి మారుస్తారు. ఆంఫోటెరిసిన్‌కి మారిస్తే మాత్రం కిడ్నీ, పొటాషియం, మెగ్నీషియం రోజూ చూడాల్సి వస్తుంది. రోజూ రక్తం తీస్తున్నారని విసుక్కోకండి.

కోలుకుంటాడా అంటే, ఎక్కువమంది కోలుకుంటారు. సోడియం కొన్ని రోజుల్లో దారిలోకి వస్తుంది. పేగులు కదలడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. కాళ్ల తిమ్మిర్లు నెలల పాటు ఉండొచ్చు, కొందరిలో కాస్త మిగిలిపోతాయి కూడా. ఫిజియోథెరపీ ఇప్పుడే మొదలుపెట్టమని అడగండి.

ఈ వారం మీ చేతిలో ఉన్నవి రెండున్నాయి. విరేచనం కాలేదని ఎనిమా, లోపల పెట్టే మాత్ర ఇప్పించకండి. కౌంట్స్ (రక్తకణాల లెక్క) పడిపోయి ఉన్నప్పుడు ఆ చోట చిన్న గీత పడినా క్రిములు నేరుగా రక్తంలోకి వెళ్తాయి. నోటి ద్వారా ఇచ్చే మందు డాక్టరే రాస్తారు. రెండోది నీళ్లు. సోడియం కోసం నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే, పిల్లాడు నీరసపడ్డాడని పక్కనుండి కొబ్బరినీళ్లు, బార్లీ, జ్యూసులు పట్టించకండి. ప్రేమతో ఇచ్చిన లీటరు నీళ్లకి సోడియం మళ్లీ దిగిపోవడం చూశాను. ఎంత తాగించారో ఒక కాగితం మీద రాసి సిస్టర్‌కి చూపించండి.

ఇక్కడే ఇంకో మలుపు ఉంటుంది, అది ముందే తెలిసి ఉండాలి. సోడియం తక్కువై ఫిట్స్ వస్తే హడావుడిలో ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు ఎక్కించడం చాలా చోట్ల అలవాటు. ఇది వొరికొనజోల్‌కి సరిగ్గా ఎదురుగా పనిచేస్తుంది. ఆ ఎంజైమ్‌ని రెచ్చగొట్టి కీమో మందుల్ని తొందరగా విరిచేస్తుంది. అమెరికాలో సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి వాళ్లు 2000లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. ఏఎల్ఎల్ చికిత్సతో పాటు ఎక్కువ కాలం ఇలాంటి ఫిట్స్ మందులు వాడిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉందని అందులో తేలింది. అందుకే లెవెటిరాసెటమ్ అనే ఇంకో ఫిట్స్ మందు వైపు మొగ్గుతాం, దానికి ఈ గొడవ లేదు. ఎవరికైనా ముందునుంచే వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు నడుస్తుంటే, జ్వరానికి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రోజు జాగ్రత్త. మెరోపెనెమ్ వల్ల రక్తంలో వాల్‌ప్రోయేట్ ఒకటి రెండు రోజుల్లోనే బాగా పడిపోయి ఆగిన ఫిట్స్ మళ్లీ వస్తాయి. ఎదురు దిశలో లాగేవాటిలో మన దగ్గర ఎక్కువగా కనిపించేది టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్. టీబీ మందులు వాడుతున్నా, ఆ మధ్య వాడినా తప్పకుండా చెప్పండి. దానితో కలిపితే వొరికొనజోల్ రక్తంలో దాదాపు నిలవదు.

మీ తమ్ముడికి ముందున్న దారిలో ఇలాంటి మలుపులు ఇంకా వస్తాయి. వాటిలో నాకు అన్నిటికంటే భయం మెథోట్రెక్సేట్ అనే కీమో మందు హై డోస్‌లో ఇచ్చే వారం. కీమో పథకాన్ని బట్టి ఇది రావచ్చు. ఆ మందు కిడ్నీల ద్వారా పోవాలి. అందుకే సెలైన్ ఆపకుండా ఎక్కిస్తారు, బైకార్బొనేట్ ఇచ్చి మూత్రం పీహెచ్ 7కి తగ్గకుండా చూస్తారు, ఆ మందు దెబ్బనుంచి కాపాడే ల్యూకోవోరిన్ ఇస్తారు, రక్తంలో మందు ఎంత మిగిలిందో లెవల్స్ తీస్తారు. ఆ నాలుగైదు రోజులు కిడ్నీ దారికి అడ్డం పడే మందు ఏదీ ఒంట్లో ఉండకూడదు. నొప్పి మాత్రలు, అంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్. పిపరాసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్స్. వీటితో పాటు ఎవరూ అనుమానించనిది గ్యాస్ మాత్ర, పాంటాప్రజోల్, ఒమెప్రజోల్.

ఆ మాత్ర సంగతి ఊరికే చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట మా వార్డులో 16 ఏళ్ల అబ్బాయికి 48 గంటల మెథోట్రెక్సేట్ లెవల్ దిగలేదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కుతోంది. చార్టు అంతా వెతికాను, అడ్డం పడే మందు ఒక్కటీ లేదు. సాయంత్రం వాళ్లమ్మ దగ్గర కూర్చుని "ఇంకేమైనా ఇస్తున్నారా అమ్మా" అని అడిగితే హ్యాండ్‌బ్యాగ్ లోంచి గ్యాస్ మాత్రల స్ట్రిప్ తీసింది. కిందటిసారి డిశ్చార్జ్ చీటీలో పరగడుపున రోజూ ఒకటి అని రాశారు. ఆవిడ ఒక్కరోజు కూడా తప్పకుండా ఇస్తోంది. మేం రాసిందే ఆవిడ చేసింది, ఆపమని మేం చెప్పలేదు. ల్యూకోవోరిన్ పెంచి, సెలైన్ పెంచి, ఇంకో ఎనిమిది రోజులు ఉంచి పంపాం. అబ్బాయి బాగానే ఉన్నాడు. నోరంతా పుండ్లతో అతను పడ్డ ఆ ఎనిమిది రోజులు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుకొస్తాయి. అప్పటినుంచి మెథోట్రెక్సేట్ మొదలయ్యే ముందు రోజు నేను మంచం పక్కన అలమారా, సంచీ, పర్సు అన్నీ చూపించమని అడుగుతాను. మీ దగ్గర ఎవరూ అడగకపోతే మీరే తీసి చూపించండి.

ఆ తర్వాత ఇంటి దగ్గర 6-ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) అనే కీమో మాత్రలు నడుస్తాయి, దాదాపు రెండేళ్లు. ఆ రోజుల్లో ఎవరైనా యూరిక్ యాసిడ్ ఎక్కువుందని అలోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ రాస్తే, వేసుకునే ముందు క్యాన్సర్ డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 6-ఎంపీని విరిచే ఎంజైముల్లో ఒకదాన్ని ఇవి ఆపేస్తాయి, కౌంట్స్ పాతాళానికి పోతాయి. తప్పనిసరై అలోప్యూరినాల్ ఇవ్వాల్సి వస్తే 6-ఎంపీని మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గిస్తారు. గెర్ట్రూడ్ ఎలియాన్, జార్జ్ హిచింగ్స్ అలోప్యూరినాల్‌ని మొదట తయారు చేసిందే 6-ఎంపీ ఒంట్లో త్వరగా విరిగిపోకుండా ఆపడానికి. యూరిక్ యాసిడ్ తగ్గించే గుణం ఆ దారిలోనే బయటపడింది. వాళ్లిద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. అంటే ఈ జంట గురించి మొదటి రోజునుంచీ తెలుసు, అయినా గౌట్ చీటీల రూపంలో ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

మీ తమ్ముడి రిపోర్టులో ఫిలడెల్ఫియా పాజిటివ్ (క్యాన్సర్ కణాల క్రోమోజోముల్లో ఒక మార్పు) అని ఉంటే ఇమాటినిబ్ గానీ డాసాటినిబ్ గానీ అనే మాత్రలు ఇస్తారు. డాసాటినిబ్ ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. మళ్లీ అదే గ్యాస్ మాత్ర. ఇక్కడ అది మందుని పెంచదు, పనిచేయకుండా చేస్తుంది.

గుండె సంగతి అందరికీ వర్తిస్తుంది. వాంతులకి ఓండాన్‌సెట్రాన్, జ్వరానికి లీవోఫ్లాక్సాసిన్, ఫంగస్‌కి వొరికొనజోల్ లాంటి కొనజోల్, కడుపులో వికారానికి డోంపెరిడోన్. ఒక్కొక్కటీ చిన్న మందులా కనిపిస్తుంది. నాలుగూ ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని సాగదీసేవే. దానికి విరేచనాలో ఆంఫోటెరిసినో తోడై పొటాషియం, మెగ్నీషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఏపీఎల్ రకం రక్త క్యాన్సర్‌కి ఆర్సెనిక్ ఎక్కించేవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆర్సెనిక్ కూడా అదే పని చేస్తుంది. వాళ్లకి పొటాషియం 4 పైన, మెగ్నీషియం 1.8 పైన ఉంచుతూ, ఈసీజీ మళ్లీ మళ్లీ తీస్తూ, క్యూటీసీ (గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ) 500 మిల్లీసెకన్లు దాటకుండా చూస్తారు. వాంతులకి ఇంకో ఇంజెక్షన్ కావాలని మీరు అడిగే ముందు చివరి ఈసీజీ ఎప్పుడు తీశారో అడగండి.

ఇది చదివే వేరేవాళ్లలో ఏఎంఎల్ రకం రక్త క్యాన్సర్‌కి వెనెటోక్లాక్స్ అనే మందు వాడేవాళ్లు ఉంటారు కాబట్టి వాళ్లకోసం ఒక మాట. పోసాకొనజోల్ లేదా వొరికొనజోల్‌తో కలిపి ఇచ్చేటప్పుడు 400 మిల్లీగ్రాముల బదులు 70 లేదా 100 మిల్లీగ్రాములే ఇస్తారు. అది మోసం కాదు, డబ్బు తక్కువని చేసేదీ కాదు, సరైన లెక్కే. అసలు ప్రమాదం ఫంగస్ మందు ఆపేసిన రోజు మొదలవుతుంది. వెనెటోక్లాక్స్ అదే చిన్న డోసులో ఉండిపోతే క్యాన్సర్‌కి సరిపడా మందు అందదు. బోన్ మారో మార్పిడి అయినవాళ్లకి, దాత కణాల్ని అదుపులో ఉంచే టాక్రోలిమస్ విషయమూ ఇంతే. వొరికొనజోల్ చేర్చినప్పుడు దాన్ని మూడో వంతుకి దించుతారు, వొరికొనజోల్ ఆపినప్పుడు లెవల్స్ చూస్తూ మళ్లీ పెంచాలి. పెంచడం మర్చిపోతే దాత కణాలు ఒంటిమీద తిరగబడతాయి. కొత్త మందు చేర్చిన రోజు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఆపిన రోజు, వార్డు మారిన రోజు, ఐసీయూ నుంచి కిందికి దించిన రోజు ఎవరూ చూడరు. నేను చూసిన చెడ్డ కేసుల్లో చాలావరకు ఆ రోజులవే.

ఇంటినుంచి వచ్చేవాటి గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకపోతే నా పని సగమే. ప్లేట్‌లెట్స్ కోసం బొప్పాయి ఆకు రసం, జ్వరానికి తిప్పతీగ కషాయం దాదాపు ప్రతి మంచం దగ్గరికీ ఎవరో ఒక బంధువు తెస్తారు. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. కీమో మందుల్ని విరిచేది కూడా ఆ లివరే. లుకేమియాలో ప్లేట్‌లెట్స్ తగ్గేది ఎముక మజ్జలో, ఆకు రసం అక్కడ చేసేదేమీ లేదు. పైగా కౌంట్స్ లేనప్పుడు పచ్చి రసం తాగించడమే ఇన్ఫెక్షన్‌కి దారి. చెట్టునుంచి వచ్చింది కాబట్టి ఏమీ చేయదు అని ఎవరైనా అంటే, వింక్రిస్టిన్ కూడా మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిందేనని చెప్పండి. పండ్లలో పంపర పనస వద్దు. సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ని పేగుల్లో అణిచే గుణం దానికి ఉంది. మామూలు బత్తాయికి ఆ గుణం లేదు, అయినా కౌంట్స్ తక్కువ ఉన్నప్పుడు పండ్లు ఎలా పెట్టాలో వార్డువాళ్లు చెప్పినట్టే చేయండి. మైలోమా అనే ఇంకో రక్త క్యాన్సర్‌కి బోర్టెజోమిబ్ అనే మందు తీసుకునేవాళ్లు గ్రీన్ టీ మానేయాలి, అందులోని పదార్థం ఆ మందుని పట్టేసి పనిచేయనివ్వదని ల్యాబ్ పరీక్షల్లో తేలింది.

మీరు చేయాల్సింది ఒక నోట్‌బుక్ పెట్టడం. ఫోన్‌లో ఫొటోలు తీస్తే చాలదు, రాత్రి రెండు గంటలకి డ్యూటీ డాక్టర్‌కి ఫొటోలు వెతికి చూపించలేరు. ఒక పేజీలో నడుస్తున్న మందులన్నీ రాయండి, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది తారీకులతో సహా. వింక్రిస్టిన్ తారీకులు ఎర్ర పెన్నుతో రాయండి. ఇంటి మాత్రలు, కషాయాలు, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు కూడా దాచకుండా రాయండి. వాటి గురించి విన్నప్పుడు కోప్పడే డాక్టర్లు ఉంటారు, పర్వాలేదు, చెప్పండి. కొత్త సీసా తగిలించిన ప్రతిసారీ "సిస్టర్, ఇది కొత్తదా? దేనికి? కీమోతో పడుతుందా?" అని నెమ్మదిగా అడగండి. నన్ను అలా అడిగిన అక్కచెల్లెళ్ల వల్ల నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చార్టు చూసి మందు ఆపించాను.

మీ తమ్ముడికి జరిగినదాన్ని రిపోర్టు చేయమని కూడా అడగవచ్చు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మన దేశంలో 2010 నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. రోగి తరఫువాళ్లు కూడా చేయవచ్చు. ఎవరి మీదో కేసు పెట్టడానికి కాదు అది.

చివరిగా, మీకు రాబోయే అసలు పరీక్ష డిశ్చార్జ్ రోజు. మైకాఫంగిన్ అయినా ఆంఫోటెరిసిన్ అయినా నరంలోకి ఎక్కించేవే, ఇంటికి పంపేటప్పుడు ఫంగస్‌కి మాత్రలు రాస్తారు, అవి దాదాపు ఎప్పుడూ కొనజోల్ జాతివే. వింక్రిస్టిన్ మాత్రం డే కేర్‌లో మళ్లీ మొదలుకావచ్చు. పోసాకొనజోల్ లాంటివి ఆపిన తర్వాత కూడా చాలా రోజులు ఒంట్లో ఉంటాయి, ముందు రోజు మానేస్తే సరిపోదు. కాబట్టి ఆ చీటీలో పేరు చివర "కొనజోల్" అని కనిపిస్తే, మందుల కౌంటర్ దగ్గరికి వెళ్లకముందే డాక్టర్ గదికి వెనక్కి వెళ్లి, నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాసిన పేజీ తెరిచి, తర్వాతి వింక్రిస్టిన్ తారీకు చూపించి, అప్పటికి ఈ మాత్రని ఏం చేయాలో చీటీ మీదే రాయించుకోండి.